గ్లాస్గో వానకు తిరుపతి నుంచి ఏం సర్దుకోవాలి?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంజినీరింగ్ అయిపోయింది. సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు పోతున్నాను. అక్కడున్న సీనియర్లను అడిగితే ఒకరు "చలేమీ ఉండదు, ఊరికే భయపడొద్దు" అంటారు. ఇంకొకరేమో "పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం వడగళ్లు, ఏం కట్టుకోవాలో తెలియక చస్తున్నాం" అంటారు. మా నాయన గాంధీ రోడ్డులో రెండు లావు జాకెట్లు చూసి పెట్టినాడు. అమ్మ స్వెట్టర్లు, మంకీ క్యాపులు సర్దతా ఉంది. నాకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. ఇప్పటికీ చలికాలంలో తిరుమలకు పోతే పిల్లికూతలు వస్తాయి. ఏం కొనాలి, ఏం కొనకూడదు? అక్కడి వాతావరణానికి ఎట్లా అలవాటు పడాలి?

జవాబు: ముందుగా ఆ రెండు జాకెట్లూ కొనొద్దని మీ నాన్నగారికి చెప్పండి. పైన నైలాను గుడ్డ, లోపల పాలిస్టర్ దూది పెట్టి కుట్టిన ఆ లావుపాటి జాకెట్లు పొడి చలికి బాగా పనికొస్తాయి. మనాలీకి యాత్ర పోయేవాళ్లు కొనుక్కుంటే సరిపోతుంది. గ్లాస్గో సంగతి వేరు. అక్కడ జనవరిలో పగలు సగటున 6, 7 డిగ్రీలు, రాత్రి 1, 2 డిగ్రీలు ఉంటుంది. సున్నాకు దిగువకు పోయే రాత్రులు ఉన్నా, చలికాలమంతా అట్లాగే ఉండదు. అంకెల్లో చూస్తే మీరు భయపడినంత చలి కాదు. మనిషిని పట్టి కుదిపేది తడి, దానికి తోడైన గాలి. ఒంటికి తగిలిన నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. 8 డిగ్రీల్లో తడిసిన మనిషి, సున్నా డిగ్రీల్లో పొడిగా ఉన్న మనిషి కంటే ఎక్కువ వణికిపోవడం అందుకే. దూది జాకెట్ ఒకసారి నానిందంటే బరువెక్కుతుంది, వెచ్చదనం తగ్గుతుంది, గదిలో ఆరేసినా తొందరగా ఆరదు.

మీ సీనియర్లు ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు థర్మామీటరు చూసి చెప్పారు, ఇంకొకరు వీధిలో నడిచి చెప్పారు.

మనకు వాతావరణం కార్తెల లెక్కన నడుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాస్తుందని ముందే తెలుసు. అక్టోబరు దాటితే బంగాళాఖాతంలో అల్పపీడనం ఎప్పుడు పుడుతుందా అని చూస్తాం. పుట్టిందంటే రెండు మూడు రోజులు ముసురు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు కూడా అది ఎక్కడి నుంచి వస్తోందో ముందే తెలిసింది. గ్లాస్గో ఉన్నది దాదాపు 56వ అక్షాంశం మీద, అట్లాంటిక్ సముద్రానికి ఎదురుగా. అక్కడి అల్పపీడనాలు పడమటి నుంచి ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుకొస్తాయి. చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వాటిని తోస్తుంది. ఒక్కో అల్పపీడనం ముందు భాగంలో వెచ్చని గాలి, సన్నటి తుంపర ఉంటాయి. వెనకనే చల్లగాలి తరుముకొస్తుంది. ఆ రెండూ కలిసేచోట ఒక్క దఫా జోరువాన పడుతుంది. అది దాటగానే ఆకాశం కడిగినట్టు తేటపడి ఎండ కాస్తుంది, గాలి మాత్రం కోస్తుంది, మధ్యమధ్యలో జల్లులు, వడగళ్లు. ఈ తతంగమంతా ఒక్క పగటిలో అయిపోవచ్చు. పొద్దున ఎండ చూసి చొక్కాతో బయల్దేరినవాళ్లు మధ్యాహ్నం తడిసి ముద్దయ్యేది ఇందువల్లే. ఏడాదిలో దాదాపు 170 రోజులు ఎంతో కొంత వాన పడే ఊరు అది. మన నవంబరు వానలా కుమ్మరించడం తక్కువ. సన్నగా, పక్కవాటుగా, విసుగొచ్చేదాకా పడుతుంది.

గాలి లెక్క కూడా ఒకటి తెలుసుకోండి. 5 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి సున్నా కంటే ఒక డిగ్రీ దిగువన ఉన్నట్టు తగులుతుంది. అందుకే ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు పెద్ద అక్షరాల ఉష్ణోగ్రతను వదిలేసి, "ఫీల్స్ లైక్" (ఒంటికి తగిలేది) అని కింద విడిగా ఇచ్చే అంకె చూడాలి.

ఇక బట్టలు. ఒక్క లావు బట్టకు బదులు మూడు పలచటి పొరలు వేసుకోవాలి. ఒక్కో పొరకు ఒక్కో పని. ఒంటికి తగిలే పొర చెమటను బయటికి పంపాలి, మధ్య పొర వేడిని పట్టి ఉంచాలి, పై పొర వాననూ గాలినీ ఆపాలి. ఒంటికి తగిలేది కాటన్ అయితే మొత్తం చెడిపోతుంది. అమ్మ సర్దే కాటన్ బనియన్లు, కాటన్ లెగ్గింగులు మన ఎండకు ప్రాణం లేచొచ్చేలా ఉంటాయి. అక్కడ మాత్రం కొండ ఎక్కేటప్పుడు పట్టిన చెమటను పీల్చుకుని, క్లాసులో కూర్చున్నాక చల్లగా వీపుకు అతుక్కుంటాయి. పాలిస్టర్ థర్మల్స్ గానీ మెరీనో ఉన్నివి గానీ రెండు మూడు జతలు కొనండి. ఇవి ఇక్కడే కొనొచ్చు, తేలిక, చోటు తినవు. మధ్య పొరకు ఒక ఫ్లీస్ (నూగులాంటి మెత్తటి పాలిస్టర్ స్వెట్టర్), ఒక ఉన్ని స్వెట్టర్ చాలు. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, కాబట్టి అమ్మ పెట్టినవాటిలో నిజమైన ఉన్నిది ఏదో లేబుల్ చూసి దాన్ని ఉంచుకోండి. పెట్టెలో జీన్స్ ఒక్కటి చాలు. తడిసిన జీన్స్ ఆ గదుల్లో ఒక రోజంతా ఆరదు. పాలిస్టర్ కలిసిన ప్యాంట్లు అంతకంటే చాలా తొందరగా ఆరతాయి.

పై పొర కోసం మాత్రం ఆగండి, అక్కడికి వెళ్లాక కొనండి. డబ్బు పెట్టాల్సింది దీని మీదే. డెకాత్లాన్ లాంటి చోట చూడొచ్చు. గ్లాస్గో యూనివర్సిటీ దగ్గరి బైర్స్ రోడ్డు వైపు సేవాసంస్థలు నడిపే పాతబట్టల దుకాణాలు ఉంటాయి. వాడినవే అయినా మంచి కంపెనీ జాకెట్లు అక్కడ తక్కువ ధరకు దొరుకుతుంటాయి. చేతిలోకి తీసుకున్నాక ఈ వరసలో పరీక్షించండి. జాకెట్‌ను లోపలివైపు తిప్పి కుట్లు చూడండి. ప్రతి కుట్టు మీదా సన్నటి పట్టీ అంటించి ఉండాలి. పట్టీ లేకుంటే సూది పెట్టిన రంధ్రాల్లోంచి భుజాల మీద నీళ్లు దిగుతాయి. లేబుల్ మీద "వాటర్‌ప్రూఫ్" అని ఉందా, "వాటర్ రెసిస్టెంట్" అని ఉందా చూడండి. రెండోది పది నిమిషాల తుంపరకే. నీటి ఒత్తిడిని ఎంత తట్టుకుంటుందో మిల్లీమీటర్లలో రాసి ఉంటే 10,000 గానీ అంతకు మించి గానీ ఉన్నది తీసుకోండి. జిప్పు మీద గుడ్డ మడత ఉండాలి. జాకెట్ నడుము దాటి తొడల పైదాకా రావాలి, లేకుంటే కారిన నీళ్లన్నీ ప్యాంటు మీదికే. చివరగా, జాకెట్‌కు కుట్టి ఉండే టోపీ తలమీదికి లాగి తాడు బిగించి, రోడ్డు దాటేటప్పుడు చూసినట్టు కుడికీ ఎడమకూ తల తిప్పండి. తలతో పాటు టోపీ తిరగాలి. అది అక్కడే ఉండి మీ కళ్లకు గుడ్డ అడ్డం వస్తే ఆ జాకెట్ వదిలేయండి. చలికాలంలో సాయంత్రం నాలుగుకే చీకటిపడే ఊళ్లో అట్లాంటి టోపీతో రోడ్డు దాటడం ప్రమాదం. రంగు కూడా నలుపు కాకుండా కంటికి కనబడేది ఎంచుకోండి.

మంచి జాకెట్ కూడా ఏడాదికల్లా నీళ్లు పీల్చినట్టు కనబడుతుంది. కొత్తలో చినుకులు తామరాకు మీద నీటిబొట్లలా జారిపోతాయి. తర్వాత గుడ్డ నల్లబడి నానుతుంది. జాకెట్ పాడైపోయిందని పారేయకండి, పైపూత మీద మురికి పేరుకుంది, అంతే. వాటర్‌ప్రూఫ్ బట్టలకని విడిగా అమ్మే ద్రవంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడిమీద 20 నిమిషాలు తిప్పితే మళ్లీ బొట్లు జారతాయి. మామూలు సబ్బుపొడి, సువాసన కోసం వేసే సాఫ్ట్‌నర్ ఈ పూతకు శత్రువులు.

గొడుగు తీసుకెళ్లొద్దనడం లేదు, కానీ దాన్నే నమ్ముకోకండి. ఆ గాలికి వారంలో ఊచలు తిరగబడతాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంచే టోపీయే మేలు.

ఇంట్లోంచి బయటికొచ్చే ముందు వెచ్చగా అనిపించేంత వేసుకున్నారంటే తప్పు చేసినట్టే. గుమ్మం దాటగానే కొంచెం చలిగా ఉండాలి. పది నిమిషాలు నడిచేసరికి సరిపోతుంది. గ్లాస్గో యూనివర్సిటీ ఉన్న గిల్‌మోర్‌హిల్ గుట్ట మీదికి ఎక్కినా, స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీ దగ్గరి ఏటవాలు వీధులు ఎక్కినా చెమట పట్టడం ఖాయం. బస్సు, సబ్‌వే (నేలకింద నడిచే రైలు), క్లాసు అన్నీ వెచ్చగా ఉంటాయి కాబట్టి లోపలికి అడుగుపెట్టగానే పై రెండు పొరలూ తీసేయాలి. బద్ధకించి అట్లాగే కూర్చుంటే లోపల చెమట, బయటికి రాగానే వణుకు. మనవాళ్లు "అక్కడి చలికి జలుబు చేసింది" అని చెప్పేవాటిలో ఈ బాపతు వణుకు చాలానే ఉంటుంది.

చెప్పులూ షూ విషయంలో తిరుపతి అలవాటు అస్సలు పనికిరాదు. జాలీ గుడ్డతో చేసిన స్పోర్ట్స్ షూ మొదటి గుంటలోనే నానుతుంది. నీళ్లు లోపలికి రాని, చీలమండ దాకా వచ్చే, అడుగున లోతైన గాడులున్న రబ్బరు సోలు బూట్లు ఒక జత కావాలి. లావు సాక్సు వేసుకునే కొలత చూడండి. వేళ్లు ఇరుక్కుంటే రక్తం ఆడక ఇంకా చలేస్తుంది. రెండో జత కూడా ఉండాలి, ఎందుకంటే తడిసిన బూటు పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. తడిసినప్పుడు లోపలి అట్ట బయటికి తీసి, న్యూస్‌పేపరు ఉండలు చుట్టి కూరండి. రెండు గంటలకు ఆ ఉండలు నీళ్లు పీల్చి మెత్తబడతాయి, మార్చండి. గదిని వేడిచేసే రేడియేటర్ మీద మాత్రం పెట్టొద్దు. తోలు బీటలు వారుతుంది, సోలు బంక ఊడుతుంది. బ్యాగులో ఎప్పుడూ ఒక జత పొడి సాక్సు, చిన్న తువ్వాలు ఉంచుకోండి. ల్యాప్‌టాప్‌ను బ్యాగు లోపలే మందపాటి పాలిథిన్ సంచిలో చుట్టి పెట్టండి. బ్యాగు మీద కప్పే కవరు గాలికి ఎగిరిపోతుంది, పైగా వీపువైపు నుంచి నీళ్లు దిగుతాయి.

వాన రాకడ, ప్రాణం పోకడ తెలియవని మన సామెత. గ్లాస్గోలో వాన రాకడ గంట ముందు తెలుసుకోవచ్చు. బ్రిటన్ వాతావరణ శాఖను మెట్ ఆఫీస్ అంటారు, దాని యాప్ ఫోన్‌లో వేసుకోండి. రాత్రి పడుకునే ముందు మర్నాటి గాలి చూడండి, పొద్దున గంటగంటకూ ఇచ్చే వాన అంచనా చూడండి, బయటికి అడుగుపెట్టే ముందు రాడార్ బొమ్మ చూడండి. రాడార్‌లో నీలం, ఆకుపచ్చ మచ్చలు పడమటి నుంచి కదిలొస్తుంటాయి. ఊరి మీది మచ్చ పావుగంటలో దాటిపోయేలా ఉంటే లైబ్రరీలోనే ఇంకో పావుగంట కూర్చోండి. గాలిని అక్కడ గంటకు మైళ్లలో చెబుతారు. 40 మైళ్లంటే మన 64 కిలోమీటర్లు, గొడుగు తెరవొద్దు. 60 మైళ్ల ఊపు వస్తుందంటే చెట్ల కింద, కడుతున్న భవనాల పరంజాల కింద నడవొద్దు. వాన 30 శాతం అని ఉంటే అట్లాంటి పది గంటల్లో మూడింట పడుతుందని అర్థం. వాన మొత్తం కొంచెమే అని కాదు. మూడు రోజుల తర్వాతి అంచనాను చేయబోయే ప్రయాణానికి ఆధారంగా పెట్టుకోకండి, అల్పపీడనం దారి అప్పటికి మారిపోతుంది.

హెచ్చరికలు మన దగ్గరలాగే మూడు రంగుల్లో ఉంటాయి. పసుపు, ఆంబర్ (మన నారింజ లాంటిది), ఎరుపు. పసుపు రంగుది తరచూ వస్తుంది, బస్సులూ రైళ్లూ ఆలస్యమవుతాయని లెక్క వేసుకుని అరగంట ముందు బయల్దేరితే సరిపోతుంది. ఆంబర్ ఉంటే అవసరం లేని ప్రయాణం మానాలి. ఎరుపు అంటే ప్రాణానికి ముప్పు అని. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను వచ్చినప్పుడు గ్లాస్గోతో సహా మధ్య స్కాట్లండ్‌కు ఎర్ర హెచ్చరిక ఇచ్చారు, స్కాట్లండ్ అంతటా రైళ్లు ఆపేశారు. ఆ రోజు పరీక్ష ఉన్నా, పార్ట్‌టైం ఉద్యోగంలో షిఫ్టు ఉన్నా బయటికి పోకూడదు. యూనివర్సిటీ మెయిల్ చూసుకోండి, షిఫ్టు మేనేజరుకు మెసేజ్ పెట్టండి, ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుని ఇంట్లో ఉండండి.

మంచు గురించి తక్కువే చెబుతాం. గ్లాస్గోలో మోకాలి లోతు మంచు అరుదు. పడగొట్టేది కంటికి కనబడని మంచుపొర. సాయంత్రం వాన వెలిసి, రాత్రి ఆకాశం తేటపడి, సున్నాకు దిగిందంటే తెల్లారేసరికి రోడ్డు మీద గాజుపలకలాంటి పొర ఉంటుంది. తడిరోడ్డేలే అనిపిస్తుంది. చేతులు జేబుల్లోంచి తీసి, అడుగులు చిన్నవిగా వేస్తూ, బరువంతా ముందుపాదం మీద పెట్టి నడవండి. ఏటవాలు వీధి వదిలేసి చుట్టుదారిన పోండి.

బయటి తడి కంటే గదిలోని తడి మీకు ఎక్కువ చేటు చేస్తుంది, ఉబ్బసం ఉందన్నారు కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా చదవండి. అక్కడ కిటికీలు మూసే ఉంటాయి. ఒక వాయి బట్టలు గదిలో ఆరేస్తే దాదాపు రెండు లీటర్ల నీరు ఆవిరై గాల్లో కలుస్తుంది. దానికి తోడు అన్నం, పప్పు, సాంబారు పొయ్యి మీద గంటసేపు ఉడికితే ఆ ఆవిరంతా చల్లటి గోడకు పట్టుకుంటుంది. నవంబరుకల్లా కిటికీ అంచులో, మంచం వెనక గోడ మూలలో నల్లటి చుక్కలు మొదలవుతాయి. అది బూజు. దాని రేణువులు పీలిస్తే పిల్లికూతలు తప్పవు. కాబట్టి బట్టలు లాండ్రీ డ్రయ్యర్‌లోనే ఆరబెట్టండి. గదిలో ఆరేయక తప్పకపోతే ఆ గది తలుపు మూసి, కిటికీ కొంచెం తెరిచి పెట్టండి, రేడియేటర్ మీద మాత్రం పరచొద్దు. వంట చేసేటప్పుడు గిన్నెల మీద మూత ఉండాలి, పొయ్యి మీది ఫ్యాను తిరగాలి. పొద్దున లేవగానే కిటికీ అద్దం మీది నీటిని గుడ్డతో తుడిచి, పది నిమిషాలు కిటికీ బార్లా తెరవండి. వేడి పోతుందని భయపడకండి, గోడలు వెచ్చగానే ఉంటాయి, చెమ్మగాలి మాత్రం బయటికి పోతుంది. మంచాన్ని బయటిగోడకు జానెడు దూరం జరపండి. గాల్లో చెమ్మను కొలిచే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, అది 40 నుంచి 60 శాతం మధ్య చూపించాలి. ఇవన్నీ చేసినా బూజు వస్తుంటే గోడలోనో పైకప్పులోనో నీరు దిగుతున్నట్టు. తేదీతో ఫోటోలు తీసి ఇంటి యజమానికి మెయిల్ రాయండి, నోటిమాటగా చెప్పి వదిలేయొద్దు. పట్టించుకోకపోతే యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అద్దె ఇళ్ల ఫిర్యాదులు వినే ట్రైబ్యునల్ కూడా స్కాట్లండ్‌లో ఉంది.

గది వేడి విషయానికొస్తే, 18 డిగ్రీలకు తగ్గనివ్వకండి. రేడియేటర్ పక్కన తిప్పే మీట మీద 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. 3 అంటే సుమారు 20 డిగ్రీలు. 5 పెడితే గది తొందరగా వేడెక్కదు, ఎక్కువ వేడి అయ్యేదాకా మరుగుతూనే ఉంటుంది. కొన్ని పాత ఫ్లాట్లలో కరెంటు స్టోరేజ్ హీటర్లుంటాయి, రాత్రి చవక కరెంటుతో ఇటుకలను వేడిచేసి పగలు వదులుతాయి. రేపు చలి పెరుగుతుందంటే ఈ రాత్రే "ఇన్‌పుట్" మీట పెంచాలి, పొద్దున పెంచితే లాభం లేదు. ప్లగ్గుకు తగిలించే ఫ్యాను హీటరు 2 కిలోవాట్లది ఐదు గంటలు తిరిగితే 10 యూనిట్లు, యూనిట్ 25 పెన్నీలు అనుకుంటే రోజుకు రెండున్నర పౌండ్లు. దానికి బదులు రాత్రి పక్కలోకి రబ్బరు వేడినీళ్ల సంచి పెట్టుకోండి. సలసల మరిగిన నీళ్లు పోయొద్దు, కెటిల్ ఆగాక కాసేపు ఉంచి, సంచిలో మూడింట రెండు వంతులే పోసి, నొక్కి గాలి తీసేసి మూత బిగించండి. రెండేళ్లకు సంచి మార్చాలి, రబ్బరు చీలి కాళ్లు కాలినవాళ్లు ఉన్నారు. హాస్టల్ గదిలో అగరొత్తులు, దీపం వెలిగించొద్దు. చాలా హాస్టళ్లలో అది నిషేధం, పొగకు అలారం మోగితే మొత్తం భవనం ఖాళీ చేసి ఆ చలిలో రోడ్డు మీద నిలబడాలి. తాలింపు వేసేటప్పుడు కూడా వంటింటి తలుపు మూసుకోండి.

అక్కడి వంటింట్లో ఇంకొన్ని చూసి కంగారుపడొద్దు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది కాబట్టి సన్నమూతి సీసాలో తీసుకెళ్తే బయటికే రాదు, వెడల్పు మూతి డబ్బాలో పోసుకోండి. దోసెపిండి రాత్రికి పొంగదు. ఓవెన్ వేడిచేయకుండా లోపలి దీపం ఒక్కటే వేసి గిన్నె పెట్టండి, 12 నుంచి 16 గంటలు పడుతుంది. పెరుగుకు తోడు వేశాక దుప్పటి చుట్టి అక్కడే పెట్టొచ్చు. పిండిసరుకులకు పోలక్‌షీల్డ్స్‌లో ఆల్బర్ట్ డ్రైవ్ వీధికి పోండి, మన ఉపఖండం దుకాణాలు అక్కడే ఎక్కువ. స్నానానికి పొగలు కక్కే నీళ్లు అరగంట పోసుకుంటే చర్మం తెల్లగా పొట్టులేస్తుంది. ఐదు నిమిషాల్లో ముగించి, ఒళ్లు తడిగా ఉండగానే నూనె రాయండి.

చలికి సిద్ధమైనవాళ్లు కూడా చీకటికి సిద్ధం కారు. డిసెంబరు మూడో వారంలో గ్లాస్గోలో సూర్యుడు పొద్దున 8:45కు వచ్చి మధ్యాహ్నం 3:45కల్లా పోతాడు. అదే రోజుల్లో తిరుపతిలో పదకొండు గంటలకు పైగా వెలుతురు ఉంటుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచే సాయంత్రం ఒక్కసారిగా కుదించుకుపోయినట్టు అనిపిస్తుంది. ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా మారుతుంది, నాలుగున్నర గంటల తేడా ఐదున్నర అవుతుంది, అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి. పొద్దున వెలుతురు ఉన్నప్పుడు, మబ్బుగా ఉన్నా సరే, అరగంట బయట నడవండి. మబ్బు పట్టిన ఆకాశం కూడా గదిలో దీపం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురిస్తుంది. అక్టోబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి, అంటే 400 యూనిట్లు, వేసుకోమని అక్కడి ప్రభుత్వ సలహా. మన ఒంటిరంగు వాళ్లు ఏడాదంతా వేసుకునే సంగతి ఆలోచించమంటారు. ఇక్కడ డాక్టర్లు వారానికొకటి చొప్పున రాసే 60,000 యూనిట్ల పొడి పొట్లాలు కట్టలుగా తీసుకెళ్లి రోజూ వేసుకోవద్దు, అది రక్తంలో క్యాల్షియం పెంచి కిడ్నీలకు చేటు చేస్తుంది. దిగులు, ఎప్పుడూ నిద్రమత్తు, పక్కమీంచి లేవబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే అది మీ బద్ధకం అనుకోకండి. డాక్టరుతో, యూనివర్సిటీ కౌన్సెలర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు ఉబ్బసం. బయల్దేరడానికి నెల ముందే రుయాలోనో స్విమ్స్‌లోనో మీరు చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్లి ఊపిరి పరీక్ష చేయించుకోండి. చిన్నప్పుడే పోయిందనుకుని వదిలేయొద్దు, తిరుమల చలికే పిల్లికూతలు వస్తున్నాయంటే అది ఇంకా ఉన్నట్టే. ఇన్‌హేలరు చీటీ మీద అస్థాలిన్ లాంటి కంపెనీ పేరుతో పాటు సాల్బుటమాల్ అనే మందు పేరు, మోతాదు రాయించుకోండి, అక్కడి డాక్టరుకు ఆ పేరే తెలుస్తుంది. రెండు మూడు నెలల మందు చీటీతో సహా చేతిబ్యాగులో పెట్టుకోండి. గ్లాస్గో చేరిన మొదటి వారమే ఇంటి దగ్గరి జీపీ (మొదట చూపించుకునే మామూలు డాక్టరు) క్లినిక్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. జబ్బు చేశాక పోదాంలే అనుకునేవాళ్లు డిసెంబరులో ఫోన్ పట్టుకుని ఇబ్బంది పడతారు. వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జీ కట్టే ఉంటారు కాబట్టి చూసినందుకు డబ్బు తీసుకోరు, స్కాట్లండ్‌లో చీటీ మందులకూ డబ్బు లేదు. ఉబ్బసం ఉందని చెబితే ఫ్లూ టీకా గురించి కూడా వాళ్లే చెబుతారు. క్లినిక్ మూసిన వేళ 111కు ఫోన్ చేయాలి. ఇన్‌హేలరు పీల్చినా ఆయాసం తగ్గక, మాట పూర్తిచేయలేకపోతుంటే ఆలోచించకుండా 999.

చల్లటి గాలి నేరుగా ఊపిరితిత్తులకు తగిలితే గొట్టాలు బిగుసుకుంటాయి. కాబట్టి బయట ముక్కుతోనే గాలి పీల్చాలి, ముక్కూ నోరూ గుడ్డతో కప్పాలి. మీరు వదిలిన ఊపిరిలోని వెచ్చదనం, తేమ ఆ గుడ్డలో నిలిచి, లోపలికి పోయే గాలిని వేడిచేస్తాయి. చెవులూ మెడా కప్పి, గడ్డం దగ్గర పట్టుకుని పైకి లాగితే ముక్కు దాకా వచ్చే మంకీ క్యాపు ఈ పనికి చక్కగా సరిపోతుంది. అమ్మ సర్దినవాటిలో ఉన్నితో అల్లినవి రెండు ఉంచుకోండి. ఒకటి తడిసి ఆరుతుండగా రెండోది కావాలి.